పదవి దిగాక ఏంటి? రోమ్ రిపబ్లిక్ తేల్చుకోలేకపోయిన ప్రశ్న

రోమ్ రిపబ్లిక్‌ని నేటి ప్రభుత్వాలతో పోల్చమంటే చాలామంది పేర్లతో మొదలుపెట్టి పేర్ల దగ్గరే ఆగిపోతారు. వాళ్లకీ సెనేట్ ఉండేది, అమెరికాకీ సెనేట్ ఉంది. వాళ్లకీ వీటో ఉండేది, ఇప్పుడూ వీటో ఉంది. వాళ్లు ఏటా ఎన్నికలు పెట్టుకునేవాళ్లు, మనకీ ఏదో ఒక ఎన్నిక లేకుండా ఏడాది గడవదు. ఇందులో అబద్ధం ఏమీ లేదు గానీ దీంతో ఒరిగేదీ పెద్దగా లేదు, ఎందుకంటే పేరు ఒకటే అయినా లోపలి సరుకు వేరు. రోమ్ సెనేట్‌కి విడిగా ఎన్నికలు ఉండవు. ఏదో ఒక పదవి చేసి దిగినవాళ్లు అందులో చేరి, దాదాపు చనిపోయేదాకా కూర్చుంటారు. కాగితం మీద ఆ సభకి చట్టం చేసే అధికారం లేదు, సలహా ఇవ్వడమే దాని పని. కానీ ఖజానా తాళం దాని దగ్గరే ఉంటుంది, యుద్ధాలూ రాయబారాలూ దాని చేతిలోనే, జయించిన రాష్ట్రాల్లో దేనికి ఎవరు గవర్నర్‌గా వెళ్లాలన్నదీ మామూలుగా అదే తేలుస్తుంది. మన రాజ్యసభ సరిగ్గా తిరగేసిన బొమ్మ: చట్టాల్లో వాటా ఉంది, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ద్రవ్య బిల్లుని 14 రోజుల్లో తిప్పి పంపడం తప్ప చేయగలిగింది లేదు. ఇక ఆంధ్రప్రదేశ్ శాసన మండలిని 1985లో రద్దు చేసి, 2007లో మళ్లీ తెచ్చి, 2020లో మళ్లీ రద్దుకి తీర్మానం చేసి, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్న కథ చెబితే రోమ్ సెనేటర్ నోరెళ్లబెట్టేవాడు. పెద్దల సభని ఇంకో సభ ఎత్తేయడం అన్న ఊహే అతనికి తట్టదు.

కాబట్టి పేర్లు పక్కన పెడదాం. రెండు వ్యవస్థల అసలు తేడా పదవిలోకి ఎలా వస్తారన్న దగ్గర కంటే, పదవి అయిపోయిన మర్నాడు ఆ మనిషి పరిస్థితి ఏంటన్న దగ్గరే బాగా కనిపిస్తుంది. రోమన్లు ఎక్కే మెట్లకి బోలెడన్ని రూల్స్ పెట్టారు, దిగే మెట్లని గాలికొదిలేశారు. రిపబ్లిక్ కూలిపోయింది అక్కడే.

ముందు ఎక్కే మెట్లు. సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం క్రీ.పూ. 509లో రాజుని తరిమేశాక రాజుగారి అధికారం మొత్తాన్ని ఇద్దరు కన్సుల్స్‌కి ఇచ్చి, ఏడాది గడువు పెట్టి, ఒకరు చేసేదాన్ని ఇంకొకరు ఆపగలిగేలా చేశారు. కింద న్యాయం చూసే ప్రేటర్లు, నగరం బాగోగులు చూసే ఈడైల్స్, ఖజానా లెక్కలు చూసే క్వెస్టర్లు. క్రీ.పూ. 180 నుంచి ఏ పదవికి ఏ వయసు అన్నదీ చట్టంలోకి ఎక్కింది, తర్వాత నియంత అయిన సుల్లా దాన్ని ఇంకా బిగించాడు. కన్సుల్ కావాలంటే 42 ఏళ్లు రావాలి, అంతకుముందు ప్రేటర్ చేసి ఉండాలి. ఇంకోపక్క సామాన్యుల తరఫున పది మంది ట్రిబ్యూన్లు. ఎవరైనా అధికారి జనాన్ని ఇబ్బంది పెడుతుంటే ట్రిబ్యూన్ స్వయంగా వెళ్లి అడ్డుకుంటే పని ఆగిపోవాల్సిందే, అతని మీద చేయి వేస్తే దైవద్రోహం. రాత్రిపూట కూడా ట్రిబ్యూన్ ఇంటి తలుపు తెరిచే ఉండాలని ఆచారం. అయితే వీటో అతని శరీరంతో పాటే తిరుగుతుంది, అతను అక్కడ నిలబడాలి. ఫైలు మీద సంతకంతో, స్టే ఆర్డర్‌తో ఆపడం లాంటిది లేదు. రోమ్‌లో బ్రేకులకి కొదవ లేదు, కానీ ప్రతి బ్రేకూ ఒక మనిషే.

పార్టీలు లేవు. ప్రభుత్వం, ప్రతిపక్షం అన్న విభజనా లేదు. అవిశ్వాస తీర్మానం లేదు. కన్సుల్ ఎంత చెత్తగా పనిచేసినా ఏడాది అయ్యేదాకా భరించడమే. రాజ్యాంగం అని చెప్పుకునే పుస్తకం కూడా లేదు. పెద్దలు ఇలా చేసేవాళ్లు కాబట్టి మనమూ ఇలా చేద్దాం, అంతే. ఈ ఒక్క విషయంలో నేటి బ్రిటన్ రోమ్‌కి దగ్గరి చుట్టం.

ఓట్ల సంగతి కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే రోమ్‌ని ప్రజాస్వామ్యం అనాలా వద్దా అన్న గొడవంతా ఇక్కడే ఉంది. ఆడవాళ్లకి ఓటు లేదు, బానిసలకి లేదు, అది ఆ కాలంలో ఎక్కడా లేదు. ఉన్నవాళ్ల ఓటు కూడా తలల లెక్కన లెక్కపెట్టరు. కన్సుల్స్‌ని ఎన్నుకునే సభలో జనాన్ని ఆస్తిని బట్టి 193 గ్రూపులుగా విడగొట్టారు, ఒక్కో గ్రూపుకి ఒక్క ఓటు. మొదట్లో అశ్వికుల గ్రూపులు 18, మొదటి తరగతి ధనికులవి 80, కలిపితే 98, అంటే వాళ్లిద్దరూ ఒక మాట అనుకుంటే ఎన్నిక అయిపోయినట్టే. మెజారిటీ రాగానే ఓటింగ్ ఆపేస్తారు, మిగతావాళ్లు ఇంటికి పోవచ్చు. ఆస్తి ఏమీ లేనివాళ్లంతా ఎన్ని వేలమంది ఉన్నా కలిపి ఒకటే గ్రూపు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో మొదటి తరగతి గ్రూపుల్ని 70కి తగ్గించి కొంచెం సర్దారు గానీ వాలు మాత్రం మారలేదు. ఇంకో సభలో తెగల లెక్క: మొత్తం 35, అందులో నగరానికి నాలుగే, పల్లెలకి 31. నగరంలో లక్షలమంది ఆ నాలుగింట్లో ఇరుక్కుంటే, దూరాన పొలాలున్న తెగల నుంచి రోమ్ దాకా వచ్చి ఓటేయగలిగే తీరికా డబ్బూ ఉన్న కొద్దిమంది మిగతా 31 ఓట్లని నడిపించేవాళ్లు. పోలింగ్ బూత్ ఊరికొకటి ఉండదు, ఇటలీ చివర ఉన్నా నడిచి రోమ్‌కే రావాలి.

ఇది చూసి మనం మరీ గర్వపడక్కర్లేదు. అమెరికా సెనేట్‌లో కాలిఫోర్నియాకి రెండు సీట్లు, వ్యోమింగ్‌కీ రెండే. మన లోక్‌సభ సీట్లు రాష్ట్రాలకి పంచింది ఇప్పటికీ 1971 జనాభా లెక్కల మీదే, దాన్ని కదిలిస్తే ఆంధ్రకున్న 25, తెలంగాణకున్న 17 సీట్ల బరువు ఏమవుతుందన్నదే పునర్విభజన గొడవంతా. కాకపోతే ఒక్కటి: మన దగ్గర ఒకే నియోజకవర్గంలో కోటీశ్వరుడి ఓటూ కూలివాడి ఓటూ ఒకే లెక్క, రోమ్‌లో ఆ మాట అంటే నవ్వేవాళ్లు.

రోమ్ మనకంటే ముందున్న విషయం కూడా ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. అక్కడ చట్టం చేసేది జనమే. ప్రతిపాదనని ముందుగా బయటపెట్టి, మూడు సంతల రోజులు గడిచాకే ఓటుకి పెట్టాలని, సంబంధం లేని విషయాల్ని కలగలిపి ఒకే బిల్లులో తోయకూడదని క్రీ.పూ. 98లో చట్టం చేశారు. ఇవాళ వందల పేజీల బిల్లు పొద్దున సభ్యుల చేతికొచ్చి సాయంత్రానికి ఆమోదం అయిపోవడం చూసినవాళ్లకి ఆ చట్టం మీద అసూయ పుడుతుంది. అయితే ఆ సభలో జనానికి మాట్లాడే హక్కు లేదు, సవరణ పెట్టే హక్కు లేదు, అవును లేదా కాదు, అంతే.

ఆ ఓటు వేసే దృశ్యం ఒక వెండి నాణెం మీద ఉంది. క్రీ.పూ. 113 ప్రాంతంలో నెర్వా అనే అధికారి వేయించిన దెనారియస్ అది. గోరంత జాగాలో చిన్న వంతెన లాంటి దారి, దాని మీద ఒక ఓటరు వంగి కింద ఉన్న సిబ్బంది చేతి నుంచి పలక అందుకుంటున్నాడు, ఇంకొకడు అవతలి చివర బుట్టలో పలక వేస్తున్నాడు. క్రీ.పూ. 139 దాకా ఓటు నోటితో చెప్పాల్సి వచ్చేది, ఊళ్లో పెద్దమనిషి పక్కనే నిలబడి వింటుండగా. ఆ ఏడాది పలకల మీద రహస్య ఓటు వచ్చింది. అప్పుడు పెద్దమనుషుల మనుషులు ఆ వంతెన మీదే చేరి పలకలోకి తొంగి చూడటం మొదలుపెట్టారు. 119లో ట్రిబ్యూన్‌గా ఉన్న, తర్వాత పెద్ద సేనాధిపతి అయిన మారియస్ చేసిన పని చాలా సింపుల్: వంతెనల్ని సన్నం చేయించాడు, ఓటరు పక్కన ఇంకో మనిషి నిలబడే చోటే లేకుండా. దీని మీద అతనికి సెనేట్‌తో పెద్ద గొడవే అయింది. బూత్‌లో ఏజెంట్లు ఎక్కడ కూర్చోవాలి అన్న దాని మీద కొట్టుకునే మనకి ఇది వింతగా ఏమీ అనిపించదు.

ఓటు రహస్యం అయ్యాక దాన్ని బెదిరించడం కష్టమైంది, కొనడం పెరిగింది. కన్సుల్స్ ఎన్నికలో ముందు ఏ గ్రూపు ఓటేయాలన్నది చీటీ తీసి తేల్చేవాళ్లు, దాని ఫలితం అప్పటికప్పుడే అందరికీ చదివి వినిపించేవాళ్లు, దాన్ని దేవుడి సూచనగా తీసుకుని మిగతావాళ్లు చాలాసార్లు అటే మొగ్గేవాళ్లు. మన ఎన్నికల చట్టం పోలింగ్ పూర్తయ్యేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టొద్దని ఎందుకు అంటుందో రోమ్‌ని చూస్తే తెలుస్తుంది. క్రీ.పూ. 54 ఎన్నికల్లో ఆ ఒక్క మొదటి గ్రూపుకే కోటి సెస్టర్సులు (రోమ్ నాణేలు) పంచడానికి అభ్యర్థులు సిద్ధపడ్డారని లాయరూ రాజకీయ నాయకుడూ అయిన సిసెరో ఉత్తరంలో రాశాడు. సీజర్ జీతాలు రెట్టింపు చేశాక కూడా ఒక సైనికుడికి ఏడాదికి వచ్చేది 900 సెస్టర్సులు, అంటే ఆ కోటితో పదకొండు వేలమంది సైనికుల్ని ఏడాదిపాటు పోషించొచ్చు. అంత డబ్బు అప్పుగా కావాలి కదా, ఆ జులైలో రోమ్‌లో వడ్డీ రేటు ఏడాదికి 4 శాతం నుంచి 8 శాతానికి ఎగబాకింది. ఎన్నికల వల్ల నగరం మొత్తానికి వడ్డీ రెట్టింపు కావడం నేటి పార్టీలకి కూడా చేతకాలేదు!

అదే ఏడాది ఇద్దరు అభ్యర్థులు అప్పటి కన్సుల్స్ ఇద్దరితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు. మీరు మమ్మల్ని గెలిపించండి, గెలిస్తే మీరు గవర్నర్లుగా పోవడానికి కావాల్సిన కాగితాలు మేం పుట్టిస్తాం, జరగని సభ జరిగిందని ముగ్గురు పురోహితుల చేత, రాయని తీర్మానం రాశారని ఇద్దరు మాజీ కన్సుల్స్ చేత సాక్ష్యం చెప్పిస్తాం, చెప్పించలేకపోతే ఇంత డబ్బు కడతాం అని. ఆ అభ్యర్థుల్లో ఒకడైన మెమ్మియస్ ఆ ఒప్పందాన్ని తనే తెచ్చి సెనేట్‌లో చదివి వినిపించాడు. ట్రిబ్యూన్ పదవికి నిలబడ్డవాళ్లు మాత్రం ఇంకో దారి పట్టారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక తలా అయిదు లక్షల సెస్టర్సులు నిజాయితీకి పేరున్న సెనేటర్ కేటో దగ్గర డిపాజిట్ పెట్టారు, ఎవరైనా డబ్బు పంచినట్టు కేటో తేలిస్తే ఆ డిపాజిట్ గల్లంతై మిగతావాళ్లకి పోతుంది. చట్టాలూ కోర్టులూ ఉండగా ఒక మనిషి నిజాయితీ మీద ఎన్నిక నడపాల్సి వచ్చిందంటే ఆ చట్టాల గతి ఏంటో అర్థం చేసుకోవచ్చు.

చట్టాలు లేక కాదు. 67లో ఒకటి, 63లో సిసెరో స్వయంగా కన్సుల్‌గా ఉండి తెచ్చింది ఇంకొకటి: డబ్బు పంచితే పదేళ్లు దేశబహిష్కారం, పోటీకి ముందు రెండేళ్లలో గ్లాడియేటర్ షోలు పెట్టకూడదు. ఆ చట్టం కింద అదే ఏడాది కేసు పడ్డ మరుసటి ఏడాదికి కన్సుల్‌గా ఎన్నికైన మురేనా తరఫున వాదించింది ఎవరయ్యా అంటే సిసెరోనే. గెలిపించాడు కూడా.

ఇప్పుడు దిగే మెట్ల దగ్గరికి వద్దాం. కన్సుల్‌కి గానీ ప్రేటర్‌కి గానీ జీతం లేదు. నెత్తిన ఎన్నికల అప్పు ఉంది. ఏడాది అయ్యాక గవర్నర్‌గా ఏదో ఒక రాష్ట్రానికి పంపిస్తారు, అక్కడ సంపాదించిందే సంపాదన. మూడేళ్లు సిసిలీని దోచుకున్న వెర్రెస్ లెక్క ఏంటో సిసెరో కోర్టులో చెప్పాడు: మొదటి ఏడాది రాబడి తనకి, రెండో ఏడాదిది తన లాయర్లకీ అండగా నిలిచేవాళ్లకీ, అన్నిటికంటే బాగా పండిన మూడో ఏడాదిది జడ్జీలకి. ఇది వెర్రెస్‌ని తిట్టడానికి ప్రత్యర్థి చెప్పిన మాటే కావచ్చు, కానీ విన్నవాళ్లెవరికీ నమ్మశక్యం కానిదిగా అనిపించలేదు. అంటే పదవి, రాష్ట్రం, కోర్టు అన్నవి మూడూ ఒకే లెక్కల పుస్తకంలో పద్దులు.

మంచిపేరున్నవాళ్లు కూడా ఈ పుస్తకానికి బయట లేరు. సీజర్‌ని పొడిచి స్వేచ్ఛకి గుర్తుగా మిగిలిపోయిన బ్రూటస్ సైప్రస్‌లోని సలామిస్ పట్టణానికి ఏడాదికి 48 శాతం వడ్డీకి అప్పిచ్చాడు, తన పేరు బయటికి రాకుండా స్కాప్టియస్ అనే ఏజెంటు ద్వారా. అప్పటి గవర్నర్ అప్పియస్ క్లాడియస్, అంటే 54లో ఆ దొంగ ఒప్పందం చేసుకున్న కన్సుల్స్‌లో ఒకడు, బ్రూటస్‌కి మామగారు కూడా, వసూలు కోసం స్కాప్టియస్‌కి గుర్రపు దళాన్ని ఇచ్చాడు. వాడు ఆ పట్టణ పెద్దల్ని వాళ్ల సభాభవనంలోనే పెట్టి ముట్టడించాడు, ఐదుగురు ఆకలితో చచ్చిపోయారు. క్రీ.పూ. 51లో ఆ రాష్ట్రానికి గవర్నర్‌గా వెళ్లిన సిసెరో 12 శాతానికి మించి వడ్డీ చెల్లదన్నాడు, గుర్రపు దళాన్ని వెనక్కి పిలిపించాడు. కానీ తీర్పు మాత్రం ఇవ్వకుండా తర్వాత వచ్చేవాడికి వదిలేసి వచ్చేశాడు. బ్రూటస్‌ని ఎందుకు కెలకడం అని.

వెర్రెస్ లాంటివాడి మీద కేసు వేయాలన్నా ప్రభుత్వ ప్రాసిక్యూటర్ లేడు, పోలీసు లేడు, దర్యాప్తు సంస్థ లేదు. ఎవరో ఒక పౌరుడు ముందుకొచ్చి సొంతంగా కేసు నడపాలి, అలా నడిపేది చాలాసార్లు పేరు కోసం చూస్తున్న కుర్ర రాజకీయ నాయకుడో, పాత శత్రువో. పదవిలో ఉన్నంతకాలం ఎవరూ ముట్టుకోలేరు, దిగిన రోజు నుంచీ ఎవరైనా ముట్టుకోవచ్చు. రోమ్‌ని వణికించిన కార్తేజ్ సేనాని హనిబాల్‌ని ఓడించిన స్కిపియోనే లెక్కలు చూపమంటే ఖాతా పుస్తకాల్ని సెనేట్‌లోనే చింపేసి, చివరికి రోమ్ వదిలి పల్లెలో సొంత ఇంటికి వెళ్లిపోయాడు. సిసెరో సంగతి చూడండి, 63లో కుట్రని అణిచి దేశాన్ని కాపాడానన్నవాడు 58లో ప్రవాసం పోయాడు. అతని ఇంటిని కూలగొట్టించిన శత్రువు, అప్పటి ట్రిబ్యూన్ క్లోడియస్ ఆ స్థలంలో స్వేచ్ఛాదేవతకి గుడి కట్టించాడు. ఇది చదువుతూ ఎవరికైనా బుల్డోజర్ గుర్తొస్తే వాళ్ల తప్పేం లేదు.

సీజర్‌ని ఈ గొలుసులో పెట్టి చూస్తే అతను చేసిన పని పిచ్చి సాహసంలా కాక ఒక బాకీదారుడి లెక్కలా కనిపిస్తుంది. క్రీ.పూ. 63లో ప్రధాన పురోహితుడి ఎన్నిక రోజు పొద్దున తల్లికి ముద్దుపెట్టి, ఈ పదవితో తప్ప ఇంటికి తిరిగి రానన్నాడట, అంత అప్పు ఉంది. 61లో స్పెయిన్‌కి గవర్నర్‌గా బయల్దేరబోతే అప్పులవాళ్లు కదలనివ్వలేదు, మహా ధనికుడు క్రాసస్ 830 టాలెంట్లకి (పెద్ద మొత్తాల లెక్క) జామీను ఉంటే గానీ బండి కదల్లేదు. 59లో కన్సుల్ అయ్యాడు. తోటి కన్సుల్ బిబులస్ అడ్డం పడితే అతని నెత్తిన పేడ బుట్ట బోర్లించి, అధికార చిహ్నమైన కట్టెల కట్టల్ని విరగ్గొట్టి తరిమారు. బిబులస్ ఇంట్లో కూర్చుని ఆకాశంలో శకునాలు బాలేవని రోజూ ప్రకటనలు పంపుతూ ఏడాది గడిపాడు. అంటే ఆ ఏడాది చేసిన చట్టాలన్నీ చెల్లవని ఎవరైనా కోర్టుకెక్కొచ్చు, సీజర్ పదవి దిగడమే ఆలస్యం. అందుకే అతను 58 నుంచి దాదాపు తొమ్మిదేళ్లు గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) గవర్నర్ పదవి దిగకుండా, దాని నుంచి నేరుగా రెండోసారి కన్సుల్ పదవిలోకి దూకాలని చూశాడు, మధ్యలో ఒక్క రోజు కూడా మామూలు పౌరుడిగా ఉండకుండా. కేసుల భయమే అసలు కారణమా, పరువా, అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. రెండూ విడదీయలేనివే అనిపిస్తుంది.

ఈ గొలుసు ఎక్కడ తెంచాలో రోమన్లకి తెలియక కాదు. 52లో సీజర్‌కి పోటీగా నిలిచిన సేనాధిపతి పాంపే ఒక చట్టం తెచ్చాడు, పదవికీ గవర్నర్‌గిరీకీ మధ్య ఐదేళ్లు గ్యాప్ ఉండాలని. ఐదేళ్లు ఆగి వసూలు చేసుకునేవాడికి ఎవడు అప్పిస్తాడు? రోగం సరిగ్గానే పట్టారు గానీ మందు వేసేసరికి ఆలస్యమైంది. 50 డిసెంబరులో సీజర్, పాంపే ఇద్దరూ ఒకేసారి సైన్యాన్ని వదిలేయాలన్న ప్రతిపాదనకి సెనేట్‌లో 370 మంది సరే అన్నారు, వద్దన్నది 22 మందే. కన్సుల్ మార్సెల్లస్ సభ ముగిసిందని చెప్పి లేచిపోయాడు. ఆ ఓటుని అమలు చేసే యంత్రాంగం ఏదీ లేదు. నెల తర్వాత, 49 జనవరిలో, సీజర్ తన రాష్ట్రం సరిహద్దైన రుబికాన్ నదిని సైన్యంతో దాటి ఇటలీలోకి వచ్చాడు, అంతర్యుద్ధం మొదలైంది.

370 మంది ఒక పక్క ఉన్నా ఇద్దరు దిగనన్నారంటే ఎలా కుదిరింది? సైన్యం వాళ్లది కాబట్టి. మారియస్ క్రీ.పూ. 107లో భూమి లేని పేదల్ని సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టాక, పదేళ్లో పదిహేనేళ్లో యుద్ధం చేసి వచ్చిన సైనికుడికి బతకడానికి ఇంత భూమి కావాలి. ప్రభుత్వం దగ్గర పింఛను లేదు. భూమి ఇప్పించగలిగింది అతని సేనాధిపతి ఒక్కడే, అదీ ఆ సేనాధిపతి రోమ్‌లో గెలిస్తేనే. అంటే దిగాక ఏంటన్న ప్రశ్న నాయకుడిది మాత్రమే కాదు, అతని వెనక ఉన్న ప్రతి సిపాయిదీ.

ఇప్పుడు దీని పక్కన 1977 మార్చి పెట్టి చూడండి. ఎమర్జెన్సీ పెట్టిన ఇందిరా గాంధీ ఎన్నికలు పెట్టారు, రాయ్‌బరేలీలో తనే ఓడిపోయారు, రాజీనామా చేసి వెళ్లారు. దిగితే కేసులు వస్తాయని ఆమెకి తెలియదా? వచ్చాయి కూడా, అక్టోబరులో అరెస్టు చేసి మర్నాడు వదిలేశారు, 1980 జనవరికి మళ్లీ ప్రధాని. ఆమె మంచితనం వల్లే దిగారని చెప్పడం కష్టం, ఎమర్జెన్సీ అనుభవించినవాళ్లు అస్సలు ఒప్పుకోరు. కానీ దిగను అని ఉంటే ఆమె మాట విని కదిలే సొంత సైన్యం ఏదీ లేదు, జవాను జీతమూ పింఛనూ ప్రధాని ఎవరైనా వస్తాయి, కలెక్టర్ ఉద్యోగమూ అంతే. రోమ్‌లో లేనిది ఇదే. ఆధునిక ప్రభుత్వం గురించి మాట్లాడేటప్పుడు ఓటు, పార్లమెంటు, హక్కులు అంటాం గానీ నెలాఖరుకి టంచనుగా పడే జీతం ఎంత పెద్ద రాజకీయ ఆవిష్కరణో ఎవరూ చెప్పరు. బ్రిటన్ ఎంపీలకే జీతం 1911లో గానీ రాలేదు.

అలాగని ఆ పాత ప్రశ్న పూర్తిగా పోలేదు. ఇటలీలో బెర్లుస్కోనీ ప్రధానిగా ఉండగా 2008లో దేశపు అత్యున్నత పదవుల్లో ఉన్నవాళ్ల మీద కేసులు నడవకుండా చట్టం తెచ్చారు, మరుసటి ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది, అదీ రోమ్ నగరంలోనే. 2024లో అమెరికా సుప్రీంకోర్టు మాత్రం మాజీ అధ్యక్షుడికి అధికారిక పనుల విషయంలో పెద్ద రక్షణే ఇచ్చింది. ప్రభుత్వం మారగానే పాతవాళ్ల మీద కేసులు, అరెస్టులు తెలుగువాళ్లకి కొత్త కాదు. అవి నిజమైన కేసులా కక్షా అన్నది ఒక ప్రశ్న. దిగితే జైలే అన్న నమ్మకం నాయకుల్లో ముదిరితే వాళ్లు ఎన్నికల్లో ఏమైనా చేయడానికి తెగిస్తారన్నది ఇంకో ప్రశ్న, ఈ రెండోది రోమ్ బాగా ఎరిగినదే. శిక్ష పడకుండా వదిలేయమని కాదు. వెర్రెస్‌ని వదిలేస్తే సిసిలీ గతి ఏంటి? ఆ కేసు నడిపేవాడు శత్రువు కాకుండా జీతానికి పనిచేసే మూడో మనిషి కావాలి, మనం కూడా దాన్ని సగమే సాధించాం.

ఎమర్జెన్సీ అంటే ఇంకో పోలిక. రోమ్‌లో ముప్పు వస్తే కన్సుల్ ఒక నియంతని నియమించేవాడు, గడువు ఆరు నెలలు. సిన్సినాటస్ అనే పెద్దాయన పొలం దున్నుతుంటే పిలిచారని, పదిహేను రోజుల్లో పని ముగించి మళ్లీ నాగలి దగ్గరికి పోయాడని కథ. అమెరికన్లకి ఇది ఎంత నచ్చిందంటే స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక సైనికాధికారులు ఆయన పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు, ఇవాళ మనవాళ్లు ఉద్యోగాలు చేసుకుంటున్న ఒహాయోలోని సిన్సినాటి నగరానికి ఆ సంఘం పేరే పెట్టారు. క్రీ.పూ. 202 తర్వాత ఈ పద్ధతి వాడుకలోంచి పోయింది. 120 ఏళ్ల తర్వాత సుల్లా దాన్ని గడువు లేకుండా తీసుకున్నాడు, కానీ తనంతట తనే దిగిపోయాడు. సుల్లాకి రాజకీయం ఓనమాలు రావు కాబట్టే దిగాడని సీజర్ వెక్కిరించాడంటారు. సీజర్ శాశ్వత నియంత అయిన కొద్ది వారాలకే చంపేశారు. మన 44వ సవరణ, 1978లో, ఎమర్జెన్సీని నెలలోగా పార్లమెంటు ఆమోదించాలని, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకీ మళ్లీ ఆమోదం కావాలని అంది. మళ్లీ అదే ఆరు నెలలు, కాకపోతే ఈసారి గడువుని గుర్తుచేసేది నాయకుడి మనస్సాక్షి కాదు, ఓటింగ్.

రిపబ్లిక్ చేతకాక వదిలేసిన పనులు చేసింది ఎవరంటే దాన్ని మింగేసిన తొలి చక్రవర్తి అగస్టస్. గవర్నర్లకి జీతాలు పెట్టాడు. క్రీ.శ. 6లో సైనికుల పదవీ విరమణ కోసమే ప్రత్యేక ఖజానా తెరిచి, తన సొంత డబ్బు 17 కోట్ల సెస్టర్సులు వేసి, వారసత్వ ఆస్తి మీద 5 శాతం పన్నుతో దాన్ని నడిపించాడు. పన్ను కట్టమన్నందుకు సెనేటర్లు మూతి ముడుచుకున్నారు. అదే ఏడాది నగరంలో రాత్రి కాపలాకీ మంటలార్పడానికీ దళాలు పెట్టాడు. సిపాయి ఇక భూమి కోసం తన సేనాధిపతి ముఖం చూడక్కర్లేదు, చక్రవర్తి ముఖం చూస్తే చాలు. ఈ చిన్న తిరకాసే మొత్తం తేడా: జీతం వచ్చింది గానీ ఇచ్చేవాడు ఒక్కడే అయ్యాడు, అతను దిగే ప్రశ్నే లేదు. సెనేట్‌ని రద్దు చేయలేదు, కన్సుల్స్‌ని తీసేయలేదు, ట్రిబ్యూన్ అధికారాన్ని తనే పుచ్చుకున్నాడు. క్రీ.శ. 14లో అతని తర్వాత వచ్చిన చక్రవర్తి తిబేరియస్ ఎన్నికల్ని జనం చేతి నుంచి తీసి సెనేట్‌కి ఇచ్చేస్తే, పెద్దగా ఎవరూ గొడవ చేయలేదు, సెనేటర్లకైతే పంచాల్సిన డబ్బు మిగిలిందని సంతోషమే. కన్సుల్ పదవిలోకి మాత్రం ఆ తర్వాత కూడా అయిదు శతాబ్దాలకి పైగా కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. చక్రవర్తులు కాకుండా ఆ పదవి చేసిన చివరి మనిషి బాసిలియస్, క్రీ.శ. 541లో, కాన్‌స్టాంటినోపుల్‌లో.